సముద్రపు గాలిలో ఇంటి జిమ్: రాడ్డు, ప్లేట్లు, బెంచి ఎలా కాపాడుకోవాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ ఇల్లు విశాఖపట్నంలో సముద్రానికి బాగా దగ్గర, జిమ్ సామానంతా మేడ మీద రేకుల షెడ్డులో ఉంది. ఎవరో వాడిన 20 కిలోల రాడ్డు కొన్నారు, వానాకాలం గడిచేసరికి దాని నర్లింగంతా, అంటే చేతిపట్టు కోసం చెక్కిన గరుకు గీతలన్నీ, గోధుమరంగుకు తిరిగింది, ఒకవైపు స్లీవు (ప్లేట్లు ఎక్కే చివరి గొట్టం) చేత్తో తిప్పితే గరగరమంటూ ఆగిపోతోంది. ఇనుప ప్లేట్లకు పెయింటు పొరలుగా లేస్తోంది, బెంచి రెక్సిను వాసన వేస్తోంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో ఒకసారి కడిగేసి కొబ్బరినూనె పట్టించమని మీ స్నేహితుడు సలహా ఇచ్చారు, అలా చేయవచ్చా అని అడిగారు. చేయకండి, ఆ రెండూ వద్దు. యాసిడ్ సీసా మూత తీయకుండానే షెడ్డులోంచి కిందికి దించేయండి. ఎందుకో చెప్పి, ఆ తరువాత మీ సామాను ఒక్కొక్కటిగా చూద్దాం.

తుప్పుకు నీరు, గాలి చాలునని అందరికీ తెలుసు, కానీ మీ షెడ్డులో అసలు శత్రువు ఉప్పు. సముద్రం మీదుగా వచ్చే గాలి సన్నని ఉప్పు తుంపరను మోసుకొచ్చి కనబడిన ప్రతి లోహం మీదా వదిలిపెడుతుంది, చెమటలో ఉన్న ఉప్పు చేతుల ద్వారా సరిగ్గా నర్లింగు గీతల్లోకే చేరుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగి ద్రవమవుతుంది; విశాఖలో ఏడాదిలో చాలా రోజులు, అందునా రాత్రిపూట, తేమ ఆ గీత దాటే ఉంటుంది. కాబట్టి మీరు రాడ్డు మీద ఒక్క చుక్క నీళ్ళు పోయకపోయినా రాత్రంతా అది పల్చటి ఉప్పునీటి పొర కిందే ఉంటుంది. దీనికి తోడు చాక్ పొడి ఉంది. అది మెగ్నీషియం కార్బొనేట్, చేతి తడిని పీల్చడానికే వాడతాం, రాడ్డు మీద మిగిలిపోయాక కూడా అది మానకుండా అదే పని చేస్తుంది. చెమట, చాక్, చర్మపు పొట్టు కలిసి గీతల అడుగున ముద్దగా గట్టిపడతాయి. ఆ ముద్దను తీయకుండా పైన ఎంత ఖరీదైన నూనె రాసినా ఉప్పును నూనె కింద దాచిపెట్టినట్టే అవుతుంది, తుప్పు లోపల తన పని తాను చేసుకుపోతుంది. అందుకే నేను ఎవరికైనా నూనె డబ్బా కంటే ముందు గట్టి నైలాన్ బ్రష్ కొనమని చెబుతాను.

ఇక యాసిడ్ సంగతి. బాత్‌రూములు కడగడానికి అమ్మేవాటిలో చాలావరకు హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది తుప్పును నిమిషాల్లో కరిగిస్తుందన్నది నిజమే, అందుకే ఆ చిట్కా ఇంత ప్రచారంలో ఉంది. అయితే దాని ఆవిరి షెడ్డులో ఉన్న మిగతా ఇనుము మీద పడి, ఇంతవరకు శుభ్రంగా ఉన్న ర్యాకు బోల్టులు, డంబెల్ హ్యాండిళ్ళు కూడా ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడేలా చేస్తుంది. నర్లింగు సందుల్లో మిగిలిన క్లోరైడు ఎంత కడిగినా పూర్తిగా పోదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మంచి రాడ్డును అధిక బలం గల ఉక్కుతో చేస్తారు. అలాంటి ఉక్కును యాసిడ్‌లో ఉంచితే రసాయన చర్యలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. ఆ పెళుసుతనం కంటికి కనబడదు, బరువు తల మీద ఉన్నప్పుడే బయటపడవచ్చు. ఈ కారణంగానే వెనిగర్ లాంటి బలహీనమైన ఆమ్లంలోనైనా రాడ్డును నానబెట్టవద్దంటాను. ప్లేట్ల విషయం వేరు, దాని దగ్గరకు తరువాత వస్తాను.

రాడ్డు మొదలుపెట్టే ముందు దాని పూత ఏమిటో గుర్తుపట్టాలి, ఎందుకంటే ఏ బ్రష్ వాడవచ్చో పూతే నిర్ణయిస్తుంది. అద్దంలాగానో, కాస్త మసకగానో తెల్లగా మెరుస్తుంటే క్రోమియం. బూడిదరంగులోనో, లేత పసుపు, ఇంద్రధనుస్సు చాయలతోనో ఉండి చేతులు పడే చోట రంగు మాసిపోయి ఉంటే జింకు. నల్లగా ఉండి మధ్యలో ఉక్కు బయటపడి ఉంటే బ్లాక్ ఆక్సైడ్ కానీ నల్ల జింకు కానీ అయి ఉంటుంది. ఏ పూతా లేని ముడి ఉక్కు రాడ్లూ ఉన్నాయి. చేతికి పట్టు అద్భుతంగా ఇస్తాయి, సముద్రపు ఒడ్డున మాత్రం వాటికి రోజువారీ సేవ తప్పదు. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదని దుకాణంలో చెబుతారు గానీ, ఉప్పుగాలికి దాని మీద కూడా టీ మరకల్లాంటివి వస్తాయి, వదిలేస్తే సూదిమొన గుంటలు పడతాయి. మీరు పంపిన వివరాలను బట్టి మీది జింకు పూత అరిగిపోయిన రాడ్డు అనిపిస్తోంది. ఒకవేళ క్రోమియం పొట్టులా లేచి ఉంటే మాత్రం దాన్ని బాగుచేసే పని ఇంట్లో జరగదు. ఆ పెచ్చుల అంచులు బ్లేడులా కోస్తాయి, వాటి కిందికి తుప్పు పాకుతూనే ఉంటుంది.

శుభ్రం చేసే పద్ధతి ఇది. రాడ్డును రెండు కుర్చీల మీదో, ర్యాకు కొక్కేల మీదో పెట్టి కింద పాత న్యూస్‌పేపర్లు పరవండి. మొదట ఏ ద్రవమూ వాడకుండా పొడి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. నర్లింగు గీతలు రెండు దిక్కులా ఏటవాలుగా వజ్రాకారంలో ఉంటాయి కాబట్టి బ్రష్‌ను రాడ్డు పొడవునా కాకుండా ముందు ఒక ఏటవాలున, తరువాత దానికి ఎదురు ఏటవాలున నడిపించాలి. అలా చేస్తే పోచలు గీత అడుగుదాకా దిగుతాయి. పేపరు మీద మొదట తెల్లటి పొడి రాలుతుంది, అది చాక్. తరువాత బూడిదరంగు, ఆ తరువాత ఇటుకరంగు పొడి రాలడం మొదలవుతుంది. ఇటుకరంగు కనబడ్డాక అప్పుడు నూనె వేయాలి. కొద్దిగా కుట్టుమిషన్ నూనెను వేళ్ళతో రాడ్డు పొడవునా పూసి, పావుగంట వదిలి, మళ్ళీ అదే బ్రష్‌తో రుద్దితే ఎర్రటి బురద పైకి తేలుతుంది. బనియన్ గుడ్డను రాడ్డు చుట్టూ పిడికిలితో బిగించి పట్టుకుని తిప్పుతూ తుడవండి. గుడ్డ మీద ఎరుపు తగ్గి లేత బూడిదరంగు మాత్రమే అంటేదాకా ఇలా చేస్తూ పోవాలి. మీ రాడ్డు ఉన్న స్థితికి ఒక పూటతో కాకపోవచ్చు, తొందరపడవద్దు.

నైలాన్‌కు లొంగని చోట ఇత్తడి పోచల బ్రష్ వాడవచ్చు, అదీ ముడి ఉక్కు మీదా, గట్టి క్రోమియం మీదా మాత్రమే. జింకు, బ్లాక్ ఆక్సైడ్ పూతల మీద ఇత్తడి బ్రష్ నడిపితే తుప్పుతోపాటు మిగిలిన పూత కూడా ఊడుతుంది. మీ రాడ్డులో పూత ఎలాగూ పోయిన మధ్యభాగంలో వాడుకోండి, అంచుల దగ్గర ఆపండి. పెయింటర్లు వాడే ఇనుప తీగల బ్రష్ ఏ రాడ్డుకూ పనికిరాదు. అది నర్లింగు మొనలను మొండిబారుస్తుంది, పైగా దాని ఇనుప రవ్వలు గీతల్లో ఇరుక్కుని కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి. గ్రైండరుకు బఫింగ్ చక్రం తగిలించి మెరిపించే వీడియోలు చూడటానికి బాగుంటాయి, అలా చేశాక ఆ రాడ్డు చేతిలో నిలవదు.

చివరి పూతగా ఏ నూనె అన్నది మీ రెండో ప్రశ్న. కొబ్బరినూనె, ఆ మాటకొస్తే వంటింట్లో ఉన్న ఏ నూనె అయినా, గాలి తగిలి కొన్నాళ్ళకు కమురు వాసన వేసి జిగురుగా మారుతుంది. ఆ జిగురుకు దుమ్ము, చాక్ అంటుకుని మనం తీసిన ముద్దే మళ్ళీ తయారవుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కూడా, కాబట్టి స్లీవులో వేస్తే చలికాలం తెల్లవారుజామున అది నూనెగా ఉండదు. మెకానిక్ దగ్గర ఊరికే దొరికే పాత ఇంజనాయిలు అసలే వద్దు. అందులో చర్మానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి, రాడ్డును మనం ఒట్టి చేతులతో పట్టుకుంటాం. కుట్టుమిషన్ నూనె, త్రీ-ఇన్-వన్ లాంటి పల్చటి ఖనిజ నూనె చాలు. డబ్ల్యూడీ-40 స్ప్రే పట్టేసిన బోల్టును విడిపించడానికి, సందులో నీటిని తోసేయడానికి మంచిదే కానీ దానిలో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, కాబట్టి అది కొట్టినచోట పని అయ్యాక నూనె వేరే వేయాలి. నూనె ఎంత వేయాలంటే, రాసి పది నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో గట్టిగా తుడిచాక కూడా మిగిలేంత. తెల్లటి చేతిరుమాలుతో పట్టుకుంటే మరక అంటకూడదు. అంతకంటే ఎక్కువ ఉంటే డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది రాడ్డును చేతులతో పట్టుకుని నిటారుగా లేచేటప్పుడు, రాడ్డు జారుతుంది.

ఇప్పుడు గరగరమంటున్న స్లీవు. ప్లేట్లు ఎక్కే ఆ గొట్టం రాడ్డు మీద స్వేచ్ఛగా తిరగడం అలంకారం కోసం కాదు. క్లీన్ అనే లిఫ్టులో, అంటే రాడ్డును నేల మీంచి భుజాల దాకా లేపేటప్పుడు, మోచేతులు రాడ్డు కిందినుంచి మెరుపులా ముందుకు తిరుగుతాయి, ఆ క్షణంలో ప్లేట్లు కూడా రాడ్డుతోపాటు తిరగాల్సి వస్తే ఆ భారమంతా మణికట్ల మీద పడుతుంది. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు స్నాచ్‌లో (నేల మీంచి ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, అక్కడినుంచి తలపైకి ఎత్తడం) 130 కిలోలు ఎత్తారు. అంత బరువు మోస్తున్న స్లీవు ఒక్కటి తిరగకుండా బిగుసుకుంటే మణికట్టుకు ఏమవుతుందో ఊహించండి. బెంచ్ ప్రెస్, స్క్వాట్ మాత్రమే చేసేవాళ్ళకు స్లీవు కాస్త బద్ధకంగా తిరిగినా ఫరవాలేదు. మీరు స్నాచ్ నేర్చుకుంటున్నానని రాశారు కాబట్టి మీకు ఇది ముఖ్యం.

ముందుగా విప్పకుండానే ప్రయత్నించండి. స్లీవు లోపలి అంచు, అంటే చేతులు పట్టుకునే వైపున ప్లేట్లు ఆగే కాలరు దగ్గర, రాడ్డుకూ స్లీవుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ఆ చివర పైకి ఉండేలా రాడ్డును ఏటవాలుగా గోడకు ఆనించి, సందు చుట్టూ అంతరం ఇస్తూ నాలుగైదు చుక్కల నూనె వేసి, స్లీవును నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. రాత్రంతా అలాగే వదిలేస్తే మరుసటి ఉదయానికి రెండో చివరనుంచి నల్లటి నూనె కారుతుంది. తుడిచి, మళ్ళీ వేసి, కారే నూనె రంగు తేలికయ్యేదాకా చేయండి. సగం కేసుల్లో పని ఇక్కడే అయిపోతుంది, ఎందుకంటే ఆ గరగర చాలాసార్లు అరుగుదల వల్ల కాక లోపలికి దిగిన చాక్, ఉప్పు వల్లే వస్తుంది. గ్రీజు మాత్రం కూరవద్దు. చిక్కటి గ్రీజు స్లీవును మందగించేలా చేస్తుంది, లోపలికి వెళ్ళిన ప్రతి రేణువునూ పట్టి ఉంచుతుంది.

దానికీ లొంగకపోతే విప్పాల్సిందే. చివర్న ఆలెన్ బోల్టు కనబడితే అది చవకరకం అమరిక, ఆలెన్ కీతో ఊడుతుంది. బోల్టు లేకుండా మూత, దాని కింద గాడిలో బిగిసిన సర్‌క్లిప్ అనే స్ప్రింగు రింగు ఉంటే సర్‌క్లిప్ ప్లయరు కావాలి. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ఆ రింగు ఎగిరి కంటికి తగలవచ్చు, కళ్ళద్దాలు పెట్టుకుని, రింగు మీద గుడ్డ కప్పి తీయండి. లోపలినుంచి వాషర్లు, రింగులు వరుసగా వస్తాయి. ఏది ఏ వైపు తిరిగి ఉందో ఒక్కొక్కటి తీసిన వెంటనే ఫోను కెమెరాతో ఫోటో తీసుకుని, పేపరు మీద అదే వరుసలో పేర్చండి. మీ 20 కిలోల రాడ్డులో లోపల కంచు బుష్‌లు (రాడ్డుకూ స్లీవుకూ మధ్య ఉండే గొట్టంలాంటి రింగులు) కానీ, పెన్సిలు ముల్లంత సన్నని రోలర్లున్న నీడిల్ బేరింగులు కానీ ఉంటాయి. టర్పెంటైన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా నూనె రాసి తిరిగి ఎక్కించండి. రెండు స్లీవులూ ఒకేసారి విప్పకండి. ఒకటి సరిగా ఉంటే రెండోదానికి అదే నమూనా అవుతుంది. బోల్టు రకమైతే బిగించేటప్పుడు మరకు లాక్‌టైట్ లాంటి జిగురు ఒక చుక్క వేయడం మరచిపోవద్దు, రాడ్డును నేలకు వదిలిన ప్రతిసారీ ఆ బోల్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది.

రాడ్డు వంగిందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఖాళీ రాడ్డును ర్యాకు కొక్కేల మీద పెట్టి మధ్యలో పట్టుకుని తిప్పుతూ, నడిమి భాగాన్ని వెనకాల ఉన్న గోడ అంచుతోనో, తలుపు గడప గీతతోనో పోల్చి చూడండి. నడిమి భాగం ఆ గీత దాటి పైకీ కిందికీ ఊగుతుంటే రాడ్డు వంగినట్టు. స్లీవు చివర మాత్రమే ఊగుతుంటే అది బుష్ అరుగుదల కావచ్చు. వంగిన రాడ్డును సుత్తితోనో, జాకీతోనో సరిచేయించకండి, లేత్ వర్కులవాళ్ళు చేసిస్తామన్నా వద్దు. శాశ్వతంగా వంగిందంటే ఆ ఉక్కు తన హద్దు దాటిందని అర్థం, అదే చోట మళ్ళీ వంగుతుంది. అలాగే కాలరు మొదట్లో, నర్లింగు ఆగిపోయే గీత దగ్గర గోరుతో తడిమి చూడండి. వెంట్రుకలాంటి పగులు తగిలితే ఆ రాడ్డు బతుకు అయిపోయినట్టే. వ్యాయామం అయ్యాక ప్లేట్లు ఎక్కించిన రాడ్డును ర్యాకు మీద రోజుల తరబడి వదిలేసే అలవాటు ఉంటే మానండి.

ప్లేట్లకు ఇంత సేవ అక్కర్లేదు. ఇనుప ప్లేట్ల పెయింటు లేస్తోందన్నారు, వాటికి యాసిడ్ బదులు వెనిగర్ సరిపోతుంది. టబ్బులో ప్లేటు మునిగేలా తెల్ల వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచి, మరునాడు ఇనుప బ్రష్‌తో రుద్దండి. ప్లేటు పోత ఇనుము, దానికి ఇనుప బ్రష్ వల్ల నష్టం లేదు. వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగితే మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త: కడిగిన ఇనుము మీ వాతావరణంలో గంటలోనే మళ్ళీ ఎర్రబడుతుంది. కాబట్టి వాన లేని ఎండరోజు చూసుకుని, వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో వేడెక్కనిచ్చి, ఆ వేడి చల్లారగానే రెడాక్సైడ్ ప్రైమరు, అది ఆరాక ఎనామిల్ పెయింటు రెండు పల్చటి పూతలు వేయండి. మధ్య రంధ్రంలో పెయింటు దట్టంగా పడితే 50 మిల్లీమీటర్ల స్లీవు మీద ప్లేటు ఎక్కదు, అక్కడ ప్రైమరుతో సరిపెట్టండి.

పెయింటు ఆరాక ప్రతి ప్లేటునూ కాటా మీద తూచి, అసలు బరువు వెనకవైపు చాక్‌పీసుతో రాసుకోమని సలహా. పోటీల్లో వాడే 20 కిలోల ప్లేటు 20 గ్రాములకు మించి ఎక్కువగానీ, 10 గ్రాములకు మించి తక్కువగానీ ఉండకూడదని నిబంధన. బజారులో దొరికే మామూలు ప్లేట్లకు అలాంటి పట్టింపేమీ ఉండదు. ఇంట్లో వాడకానికి ఆ తేడా వల్ల ముంచుకొచ్చేదేమీ లేదు, కానీ ఎక్కువ తూగిన రెండూ ఒకేవైపు పడకుండా దగ్గరి బరువులను జతలు కట్టుకోవచ్చు.

రబ్బరు ప్లేట్లను సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నరు, కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కారు టైర్లకు రాసే మెరుపు పాలిష్ రాస్తే అందంగా కనబడతాయి గానీ చేతిలోంచి జారుతాయి. కొత్త ప్లేట్ల మీద కొన్నాళ్ళకు తెల్లటి పొర వస్తే బూజని భ్రమపడి రుద్దకండి; రబ్బరు పగలకుండా అందులో కలిపిన మైనం లాంటి పదార్థం పైకి తేలడం వల్ల అలా కనిపిస్తుంది, దాన్ని తీసేస్తే మీ ప్లేటుకున్న రక్షణను మీరే తుడిచేసినట్టు. మధ్యలో ఉన్న ఉక్కు రింగు కదులుతోందేమో మాత్రం అప్పుడప్పుడు బొటనవేలితో నొక్కి చూడండి. ఇసుక, సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు కూడా మీ దగ్గర ఉన్నాయన్నారు. వాటికి పగులు వచ్చిందంటే టేపు చుట్టి లాభం లేదు, పొడి కారుతూ బరువు తగ్గుతూనే ఉంటుంది, పారేయండి.

మరలున్న డంబెల్ రాడ్లకు టూత్‌బ్రష్, రెండు చుక్కల నూనె చాలు. వాటి నక్షత్రాకారపు నట్టు లోపల ఉండే రబ్బరు వాషరు ఊడిపోయి ఉంటే అది లేకుండా ఎత్తవద్దు, పట్టు నిలిపేది ఆ వాషరే.

బెంచి దగ్గర శుభ్రతకు తుప్పుతో సంబంధం లేని కారణం ఒకటి ఉంది. వానాకాలంలో మనవైపు తామర ఎంత సులువుగా అంటుకుంటుందో మీకు తెలియనిది కాదు. ఒకే బెంచి మీద ఇంట్లో ఇద్దరు ముగ్గురు పడుకుని చేస్తుంటే, ఒకరి వీపు మీది తామర మిగతావారికి పాకడానికి చెమట తడి ఆరని రెక్సిను చాలా అనువైన చోటు. ఎవరి తువ్వాలు వాళ్ళు పరుచుకోవాలి, లేచిన వెంటనే సబ్బునీటి గుడ్డతో, ఆ తరువాత పొడి గుడ్డతో తుడవాలి. రోజూ స్పిరిట్ కొట్టడం కొందరికి అలవాటు. దానివల్ల రెక్సిను మెత్తదనం పోయి ఏడాది తిరగకుండానే కుట్ల దగ్గర చిట్లుతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్ళు అసలే వద్దు, ఆ తుంపర రాడ్డు మీద, స్టెయిన్‌లెస్ మీద కూడా పడి గుంటలు పెడుతుంది.

మీ బెంచి వాసనకు కారణం రెక్సిను కాకపోవచ్చు. బెంచిని తిరగేసి అడుగున ఉన్న ప్లైవుడ్‌ను చూడండి. కుట్టు రంధ్రాలలోంచి చెమట స్పాంజిలోకి దిగి, ప్లైవుడ్ నల్లబడి, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి ఉంటే ఇక పైపై తుడుపులతో ఆ వాసన పోదు. ఆటో సీట్లు కుట్టే దుకాణంలో స్పాంజి, రెక్సిను మార్చి ఇస్తారు, కొత్త బెంచి ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. ప్లైవుడ్ మాత్రం నీటికి తట్టుకునే రకం వేయించమని అడగండి, మందం తగ్గించనివ్వకండి. బెంచి బోల్టులు, ర్యాకు బోల్టులు కొత్తలో మొదటి కొన్ని వారాలు, తరువాత నెలకొకసారి స్పానరుతో బిగువు చూడాలి. లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు రెండు మూడుసార్లు విప్పి బిగించాక పట్టు కోల్పోతాయి, వాటి స్థానంలో కొత్తవి వేయండి. ర్యాకులో వెల్డింగు అతుకుల వెంట పెయింటు సన్నగా గీత చీలినట్టు కనబడితే అక్కడ గోకి చూడండి, ఎందుకంటే పగులు మొదట పెయింటులోనే బయటపడుతుంది. తలకు పైన బరువు మోసే భాగాల మీద పెట్టే శ్రద్ధను మెరుపు మీద పెట్టే శ్రద్ధ కంటే ముందు ఉంచమని నా మనవి.

ఇక షెడ్డు. రేకుల కప్పు రాత్రి చల్లబడి తెల్లవారుజామున అడుగుభాగంలో నీటిబొట్లు కట్టి కిందికి రాలుతుంది. మీ రాడ్డు మీద అక్కడక్కడ గుండ్రటి తుప్పు మచ్చలున్నాయని రాశారు, వాటి మూలం అదే అయి ఉంటుంది. రేకు కింద థర్మాకోల్ సీలింగ్ వేయించగలిగితే మంచిది, లేదంటే రాడ్డు పెట్టే చోటు పైన చిన్న చెక్క పందిరి అయినా వేయండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపలి తేమ బయటికి పోదు, గోనెసంచి తేమను పీల్చి రాడ్డుకు హత్తుకుని కూర్చుంటుంది. పాత నూలు దుప్పటి వదులుగా కప్పడం ఈ రెండింటికంటే నయం. సముద్రం వైపు కిటికీని వ్యాయామం చేసేటప్పుడు తెరిచి, ముగించి దిగేటప్పుడు మూసేయండి, రెండోవైపు గాలి ఆడేలా వదలండి. చాక్ గిన్నెకు మూత పెట్టండి. నేల మీది రబ్బరు మ్యాట్లను వానాకాలంలో పక్షానికొకసారి ఎత్తి కింద ఆరబెట్టండి, ప్లైవుడ్ పరిచి ఉంటే అప్పుడే చెదలు కూడా చూసుకోవచ్చు. లెదర్ బెల్టును షెడ్డులో వదిలితే బూజు పడుతుంది, అది ఇంట్లోనే ఉండాలి. దాన్ని ఎండలో కాక నీడలో ఆరవేయాలి.

మీ ఊళ్ళో ఇదంతా ఎంత తరచుగా చేయాలంటే, దిగేముందు రాడ్డును పొడి బ్రష్‌తో ఒక నిమిషం రుద్ది గుడ్డతో తుడవడం ప్రతిరోజూ చేయాలి. నూనె వారానికొకసారి, వానాకాలంలో ఇంకాస్త తరచుగా. స్లీవులో చుక్కలు రెండు మూడు నెలలకు. హైదరాబాదులోనో, అనంతపురంలోనో ఉండే పాఠకులు ఈ లెక్కను సగానికి తగ్గించుకోవచ్చు, అక్కడి గాలిలో ఉప్పు లేదు.

స్లీవు విప్పాల్సి వస్తే లోపలి బుష్ ఫోటో ఇక్కడ పెట్టండి. అది ఒకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారానికి తిరిగి ఉంటే రాడ్డు మార్చనక్కర్లేదు, గాజువాక ఆటోనగర్‌లో ఏ లేత్ వర్కులోనైనా గన్‌మెటల్ బుష్ తయారు చేసి ఇస్తారు. పాత బుష్ ఒక్కటే పట్టుకెళ్ళకండి, అది అరిగిన కొలతే చూపిస్తుంది. స్లీవునూ, రాడ్డునూ కూడా తీసుకెళ్ళి, బుష్ లోపలి కొలతను రాడ్డు చివర మీద వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి తీయించండి. బుష్ స్లీవులో బిగువుగా దిగాలి, రాడ్డు మీద మాత్రం నూనె పొరకు చోటుండేంత వదులు ఉంచమని పనివాడికి ముందే చెప్పండి.